ఎర్రదారం కట్టిన క్యాను

ఆ ఎండాకాలం మేము కాపురమున్నది ఇంట్లో కాదు, బస్సులో.

ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన పాత బస్సు అది. మా ఆయన మధు దాన్ని కొని, సీట్లు పీకించి, మధ్యలో మగ్గం బిగించాడు. మగ్గానికి ముందు గుడ్డలు పెట్టుకునే అరలు, వెనక పడుకోవడానికి రెండు బల్లలు, ఒక మూల గ్యాసు పొయ్యి. ఉగాది మరునాడు ఎమ్మిగనూరులో ఇంటికి తాళం వేసి నలుగురం అందులోకి మారాం. మా మామ సిద్ధప్ప, అత్త హనుమమ్మ, మధు, నేను. సంత ఎక్కడుంటే అక్కడ బస్సు నిలబెడతాం. మామ మగ్గం మీద కూర్చుంటాడు. ఆ చప్పుడుకు జనం మూగుతారు. నేను దుప్పట్లూ తువ్వాళ్ళూ విప్పి చూపిస్తాను. మగ్గం చూడడానికి మా వీధికి ఎవరూ రావడం మానేశాక మగ్గమే వాళ్ళ దగ్గరికి బయలుదేరిందన్నమాట.

ఎక్కేముందు మామ మెట్టు మీద నిలబడి చెప్పాడు.

"ఈ ఒక్క ఎండాకాలం సూస్తా. జరిగితే సరి. లేదంటే మగ్గం అమ్మేసి అందరం బెంగుళూరు పోదాము. మధు ఏదన్నా పని సూసుకుంటాడు. నేను వాచ్‌మన్‌గా ఉంటా."

"నువ్వు వాచ్‌మనా? కుక్క మొరిగితే లేసి గడియ పెట్టుకునేటోనివి," అంది అత్త, బియ్యం డబ్బా లోపలికి అందిస్తూ.

అందరం నవ్వాం గానీ మామ నవ్వలేదు. అరవై రెండేళ్ళ మనిషి, అందులో యాభై ఏళ్ళు ఆ మగ్గం మీదే గడిచాయి.

నెల తిరక్కుండానే మంత్రాలయంలో సరస్వతీబాయిగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. వాళ్ళాయన శ్రీపాదరావుగారు బడిపంతులుగా చేసి దిగినవారు. జ్యేష్ఠంలో ఆయన ఎనభయ్యో ఏటి శాంతి. హోమంలో కూర్చునే వాళ్ళకు ఇవ్వడానికి ఇరవై నాలుగు జతల మడిపంచెలు కావాలి. ఆమె నన్ను చాప మీద కూర్చోబెట్టి, మాట మాటకూ ఆగి చెప్పింది.

"మిల్లు నేత వద్దు. చేనేతే కావాలి. గంజి బోరు నీళ్ళతో కాయకూడదు, తుంగభద్ర నీళ్ళతో కాయాలి. ఇవి బాగుంటే మా వాళ్ళ ఇళ్ళన్నిటికీ మీరే. బాగుండకపోతే నేను ఏమీ అననమ్మా. మళ్ళీ పిలవను, అంతే."

నాకు అలాంటి మనుషులే ఇష్టం. ఏం కావాలో తెలిసిన మనిషితో పని సులువు. ఆ ఇరవై నాలుగు జతల మీదే మా మగ్గం ఉండడమూ పోవడమూ ఉందని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

కాలువలు కట్టేసిన రోజులు. గంజికి నీళ్ళు కావాలంటే నాగలదిన్నె దగ్గర నదిలోకి దిగి తెచ్చుకోవాలి. నాలుగు తెల్ల క్యాన్లు కొని, వాటి పిడులకు ఎర్రనూలు దారం చుట్టి ముడి వేశాను.

"ఎర్రదారం ఉంటే గంజి నీళ్ళకు. ఇంక దేనికీ ముట్టకూడదు," అన్నాను.

"కాలేజీ సదువు క్యాన్లకు దారాలు కట్టేదానికి పనికొచ్చిందే," అన్నాడు మధు.

"నీ ప్యాంట్లకు కూడా కడతా. ఏది ఉతికిందో, ఏది ఉతకాల్నో తెలుస్తాది."

ఇక డీజిల్ సంగతి. మగ్గం మనిషి కాళ్ళతో ఆడుతుంది, బస్సు అలా కాదు. ఆదోని, కౌతాళం, దేవనకొండ అని తిరిగేసరికి ముల్లు కిందికి పడేది. సిరుగుప్ప వైపు పోయినప్పుడల్లా అక్కడ బంకులో నింపుకునేవాళ్ళం. కర్ణాటక సరిహద్దు దాటితే చవక. మా వైపు అందరూ చేసే పనే, అందులో దాపరికమేమీ లేదు. కానీ ఎండలు ముదిరాక సంతల్లో జనం పలచబడ్డారు. అప్పుడు మధుకు గిడ్డయ్య గుర్తొచ్చాడు.

పెద్దకడుబూరు బయట పత్తి షెడ్డు వెనక గిడ్డయ్య నీలం పీపాలు వరసగా పెట్టుకున్నాడు. మధు బస్సు దిగి మాట కలిపాడు. నేను కిటికీలోంచి వింటున్నాను.

"ఇది పొలం డీజిలప్పా," అన్నాడు గిడ్డయ్య. "ట్రాక్టర్లకు, బోరింజన్లకు, కోతమిషన్లకు. పన్ను కట్టంది కాబట్టే ఈ ధర. రోడ్డెక్కే బండికి నేను పొయ్యను. ఎవడన్నా పట్టుకుంటే నా మెడకు సుట్టుకుంటాది."

"మాది బండి కాదన్నా. రా, సూడు."

గిడ్డయ్య బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపులోంచి లోపలికి తొంగిచూశాడు. మామ మగ్గం మీద ఉన్నాడు. అత్త చేటలో కందిపప్పు ఏరుతోంది.

"ఏమక్కా, వంట అయిందా?"

"అయితాండాది. కూసో, తినిపోదువు," అంది అత్త.

గిడ్డయ్య మధు వైపు తిరిగాడు. "నిజమేప్పా. పొయ్యుండాది, మగ్గముండాది, కోడల్ని తిట్టే అత్త ఉండాది. ఇది ఇల్లే. ఇంటికి పోస్తే తప్పేముండాది?"

"నేనేం తిట్టను. ఆ పిల్లే నన్ను తిడతాది, ఉప్పు డబ్బా యాడ పెట్టినావని," అంది అత్త.

"ఇల్లయితే నంబరు బోర్డు ఏంటికన్నా?" అని అడిగాను కిటికీలోంచి.

గిడ్డయ్య గట్టిగా నవ్వాడు. "సదువుకున్న పిల్లను తెచ్చుకుంటే ఇంతే మధూ. తే, క్యాన్లు తే."

ఆదోని రోడ్డెక్కాక మధు పక్కన కూర్చున్నాను.

"ఇది వద్దు పా."

"ఏంటికి? ట్యాంకు మూత తీసి వాసన సూసేటోడెవడు?"

"నేను సూస్తా."

"నువ్వేమన్నా పోలీసువా?"

"పోలీసయితే ఎప్పుడో ఒకసారి సూస్తాడు. నేను దినామూ సూస్తా."

అతను నవ్వి గేరు మార్చాడు. నేను ఆ మాట అక్కడ వదిలేశాను. ముందు రెండు సంతల్లోనూ కట్టిన మూట కట్టినట్టే తిరిగొచ్చింది. మధు ముఖం చూసి వదిలేశాను. అలాంటి కారణానికి నేను మామూలుగా ఏదీ వదలను.

ట్యాంకులో పట్టనిది క్యాన్లలో బల్ల కింద ఉండేది. మొదటి రోజు తలనొప్పి. మూడో రోజు మజ్జిగలో కూడా అదే వాసన. వారం గడిచేసరికి ఏ వాసనా లేదు. డీజిల్ ఉన్నచోటే ఉంది, మా ముక్కులే పనిచేయడం మానేశాయి. అది నాకు తర్వాత తెలిసింది.

పంచెలకు మామ మూడు పడుగులు అనుకున్నాడు, పడుగుకు ఎనిమిది జతలు. మొదటి రెండూ నేసి దించాడు. మూడో పడుగుకు గంజి పెట్టేరోజు తెల్లవారుతూనే నాగలదిన్నె దగ్గర బస్సు ఆపి, పక్కన మట్టిలో కొయ్యలు పాతి పడుగు చాచాం. నేను బానలో గంజి కాచాను. దారం మెత్తబడి తెగకుండా ఉండడానికి గంజిలో చెంచాడు కొబ్బరినూనె వేయడం మా ఇంటి అలవాటు. ఎవరు ముందు పోతే వాళ్ళు వేస్తారు. నేను పడుగు సర్ది వచ్చేసరికి గంజి మీద నూనె తేలుతోంది. మామ వేశాడనుకున్నాను. బస్సు అవతల మధు గరాటు పెట్టి ట్యాంకులో డీజిల్ పోస్తున్నాడు, గాలి ఇటే కొడుతోంది. మామ కుంచె ముంచి పడుగు పొడవునా నడిచాడు. ఎండ ఎక్కకముందే దారాలు ఆరి గట్టిపడ్డాయి. చక్కగా కుదిరిందన్నాడు మామ.

మూడో పడుగులో ఆరు జతలు దిగాక సరస్వతీబాయిగారు ఒక జత చూస్తానని ఫోన్ చేసింది. బస్సు ఎమ్మిగనూరులో ఉంది. నేను కొత్తగా దించిన జత ఒకటి సంచిలో పెట్టుకుని ఆర్టీసీ బస్సులో మంత్రాలయం పోయాను. కిటికీ పక్క సీటు. దారి పొడవునా వేడిగాలి ముఖాన కొట్టింది.

ఆ ఇంట్లో అప్పుడే నేల కడిగారు. గంధం తీసిన సాన పక్కనే ఉంది, లోపల్నుంచి సన్నగా కర్పూరం వాసన. శ్రీపాదరావుగారు పడక్కుర్చీలో కునుకు తీస్తున్నారు. నేను సంచిలోంచి పంచె తీసి, మడత విప్పాను.

విప్పగానే నాకు తెలిసింది.

సరస్వతీబాయిగారు గుడ్డను చేతుల్లోకి తీసుకుంది. అంచు పట్టి లాగి చూసింది, వెలుతురుకు ఎత్తి చూసింది. ముఖానికి ఆనించుకుని, "ఎంత మెత్తగా ఉందమ్మా," అంది. "ఉండు, దేవుడి గదిలో పెట్టి వస్తాను," అని లేచింది.

"అమ్మా, అది ఇట్లియ్యండి," అన్నాను.

ఆమె ఆగింది. "ఏం?"

"అది మీకు కాదమ్మా. దాంట్లో డీజిల్ వాసన ఉంది. ఎట్లా వచ్చిందో కనుక్కుంటాను. ఎన్ని జతలకు పట్టిందో కూడా చూస్తాను."

ఆమె మళ్ళీ ఒకసారి గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. "నాకేమీ తెలియడం లేదే."

"నాకు తెలుస్తా ఉంది."

ఆమె నా వైపు కొంచెంసేపు చూసింది. తర్వాత పంచెను ఉన్న మడతల మీదే మడిచి నా చేతిలో పెట్టింది.

"శాంతి తేదీ మారదు భవానీ."

"మారే పని లేదమ్మా," అన్నాను.

అన్నానే గానీ, వీధిలోకి వచ్చాకే లెక్కపెట్టుకున్నాను. పన్నెండు రోజులుంది.

ఎమ్మిగనూరులో దిగి నేరుగా బస్సు దగ్గరికి పోయి, నేసిన జతలన్నీ మూట కట్టాను. బస్సులో నా ముక్కును నేను నమ్మలేను. రెండు వీధుల అవతల ఇస్త్రీబండి ఏసన్న ఉన్నాడు. బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తాడు.

"అన్నా, ఒక్కోటి మీద ఒక్కసారి పెట్టె ఆనించు చాలు. నేను వాసన సూడాల."

"వాసనా? పంచెలకా?" అని వింతగా చూశాడు, కానీ చేశాడు. మొదటి పడుగువి ఎనిమిది జతలు, గంజి వాసన తప్ప ఏమీ లేదు. రెండో పడుగువి కూడా అంతే. మూడోదానిలో మొదటి పంచె మీద పెట్టె ఆనగానే ఏసన్న తల పక్కకు తిప్పుకున్నాడు.

"అక్కా, ఇది పంచెనా, లారీ క్లీనరు సంకన పెట్టుకునే గుడ్డనా?"

నేను చూడాల్సింది చూసేశాను. అయినా మిగతావన్నీ పెట్టించాను.

తిరిగొచ్చి నాలుగు క్యాన్లూ బయటకు తెచ్చి, చింతచెట్టు నీడలో మూతలు తీశాను. నీళ్ళ వాసనే వచ్చింది అన్నిట్లోనూ. మూతలు పెడుతుంటే నాలుగో క్యాను పిడి జిడ్డుగా తగిలింది. పిడి కాదు, ఎర్రదారం. వేలితో నలిపి వాసన చూశాను.

మధు బస్సు మెట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. క్యాను తెచ్చి అతని ముందు పెట్టాను. అతను క్యాను వైపు చూశాడు, నా వైపు చూశాడు, కంచం పక్కన పెట్టాడు.

"ఒక్కసారే పా. ఆ పొద్దు క్యాన్లు సాలలేదు. మల్ల సోడా వేసి మూడుసార్లు కడిగినా."

"దారం కడగలేదు," అన్నాను.

మామ మగ్గం దిగి వచ్చాడు. దారం ముడి చేతిలోకి తీసుకుని వాసన చూడబోయి ఆగి, దాన్ని పట్టుకుని రోడ్డవతలి దాకా నడిచిపోయాడు. అక్కడ నిలబడి వాసన చూసి తిరిగొచ్చాడు.

"ఆ పొద్దు గంజి మీద నూనె..." అన్నాడు.

"మీరేసినారనుకున్నా మామా."

"నేను నువ్వేసినావనుకున్నా పాపా."

"నేను మీలో ఎవరో వేసినారనుకున్నా," అంది అత్త. "ఇంట్లో నలుగురుండి నూనె వేసినోళ్ళు ఒక్కరూ లేరే!"

ఎవరికీ నవ్వు రాలేదు. మధు మెల్లగా అన్నాడు. "ఆమెకు వాసన తెలియలేదంటాండావు గదా. సోడాలో నానబెట్టి ఎండేసి ఇస్తే? ఎట్లాగూ వాళ్ళు తడిపి మడికి ఆరేసుకుంటారు."

"ఆ మనుషులు కూసునేది హోమం ముందర," అన్నాను. "ఏసన్న పెట్టె చేసిన పనే ఆ సెగ కూడా చేస్తాది. ఆమెకు తెలియకుంటే పక్కనోళ్ళకు తెలుస్తాది. ఎవరికీ తెలియకున్నా నాకు తెలిసింది గదా."

మామ బస్సెక్కి పొయ్యి పక్కనున్న కత్తి తీసుకున్నాడు. మగ్గం మీద ఇంకా రెండు జతల పడుగు ఉంది. దాని ముందు నిలబడి ఎడం చేత్తో దారాలు కూడగట్టి, ఒక్క కోతలో కోసేశాడు. యాభై ఏళ్ళలో నేత పూర్తికాని పడుగు కోయడం ఆయనకు అదే మొదటిసారని అత్త తర్వాత చెప్పింది. కోసి, కత్తి నా చేతికిచ్చి, "నీళ్ళకు పోదాం పా," అన్నాడు కొడుకుతో.

ఆ సాయంత్రమే మధు ట్యాంకు ఖాళీ చేశాడు. మిగిలిన డీజిల్ గిడ్డయ్యకే తిరిగిచ్చి వచ్చాడు. "ఏం, ఇంటికి పనికిరాలేదా?" అని అడిగాడట గిడ్డయ్య. "ఇంట్లో ముక్కొకటుండాదన్నా," అన్నాడట మధు. నాకు చెప్పి, నేను నవ్వుతానేమోనని చూశాడు. నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

బంకులో పోయించిన డీజిల్‌తో నాగలదిన్నె దాకా పోయి నది ఒడ్డున బస్సు ఆపాం. పది రోజులు ఇంజను ముట్టలేదు. సంతలు లేవు, బేరాలు లేవు. కొత్త క్యాన్లు కొని కొత్త దారాలు కట్టాను. ఈసారి గంజిలో నూనె నేనే వేసి, "వేసినా!" అని అందరికీ వినపడేలా అరిచాను. మామ పొద్దున, అత్త మధ్యాహ్నం, మధు సాయంత్రం మగ్గం ఎక్కారు. కండెలు చుట్టడం నా పని. వెలుతురు ఉన్నంతసేపూ చప్పుడు ఆగలేదు. గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు నీళ్ళకు దిగి, ఈ బస్సు ఎక్కడికీ పోదేమని అడిగారు. తొమ్మిదో రోజు మామ నడుము పట్టేసి బల్ల మీద పడుకున్నాడు. మధు చేతులకు బొబ్బలు. నేను మగ్గం ఎక్కాను. చివరి పంచె అంచులో రెండు పోగులు వంకర పోయాయి.

"కనపడదులే పాపా," అన్నాడు మామ పడుకునే.

నేను జానెడు విప్పి మళ్ళీ నేశాను.

శాంతికి ముందురోజు మంత్రాలయం చేరాం. బస్సు వీధి చివర ఆపి, నేనూ అత్తా మూటలు మోసుకుపోయాం. ఇల్లంతా బంధువులు. మనవరాలు కృతి పందిట్లో ముగ్గు వేస్తోంది. సరస్వతీబాయిగారు లోపలి నుంచి వచ్చి మూటల ముందు కూర్చుంది. విప్పలేదు.

"అన్నీ చూసినావా?"

"చూసినానమ్మా."

"ఇస్త్రీ పెట్టె ఆనించి?"

ఆ సంగతి ఆమెకు ఫోన్‌లో చెప్పాను. "ఇరవై నాలుగు జతలూ."

"అయితే నేను చూసేది ఏమీ లేదు. చూసినా నాకు తెలియదు," అంది. "కరోనా వచ్చిపోయినప్పట్నుంచి వాసన లేదు నాకు. తల్లో మల్లెపూలు ఉన్నాయో లేవో చేత్తో తడుముకోవాలి."

నేను తలెత్తి చూశాను. "మరి ఆ రోజు ముక్కు దగ్గర..."

"అలవాటు పోదమ్మా," అంది. కృతిని పిలిచి మూటలు లోపలికి, దేవుడి గదిలోకి పంపించింది. తర్వాత నా వైపు తిరిగి, మొదటిరోజు మాట్లాడినట్టే ఆగి ఆగి చెప్పింది. "మాఘంలో మనవడికి ఉపనయనం, శ్రీహర్షకు. అప్పటికి పదహారు జతలు కావాలి. నువ్వే వచ్చి మాట్లాడు. వేరేవాళ్ళను పంపొద్దు."

బస్సు దగ్గరికి వచ్చి ఆ మాట మామకు చెప్పాను. ఆయన తల ఊపి, మగ్గం మీద పేరుకున్న నూలు దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. బెంగుళూరు మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

వాసన పట్టిన ఆరు జతల్ని మామ పారేయనివ్వలేదు. తన చేత్తో నేసినవి కదా. వాటిని కత్తిరించి బస్సు కిటికీలకు తెరలు కుట్టాను. పొద్దుటిపూట ఏమీ ఉండదు. మధ్యాహ్నం ఎండ కిటికీల మీద పడి గుడ్డ వేడెక్కితే, కొద్దిగా, ఇప్పటికీ, ఉంటుంది. ఆ వాసన నాకు తగిలినన్నాళ్ళూ బస్సులో అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క.

మొన్న పెద్దకడుబూరు సంతలో గిడ్డయ్య వచ్చాడు. మంచి ఎండవేళ. తువ్వాళ్ళు రెండు తీసుకుని, మధు దగ్గర గొంతు తగ్గించాడు.

"కొత్త పీపాలు దిగినాయప్పా. ఇంటికేమన్నా కావాల్నా?"

మధు కిటికీ తెర కొస పట్టి లాగి గిడ్డయ్య ముక్కు దగ్గర పెట్టాడు. గిడ్డయ్య గట్టిగా ఊపిరి పీల్చాడు, మళ్ళీ పీల్చాడు.

"ఏముండాది దీంట్లో? ఏమీ లేదే!"

ఆయనకు ఉండదు. పొద్దస్తమానం ఆ పీపాల మధ్యనే కదా కూర్చునేది.

"నీకు తెలియదులే అన్నా," అని నేను తెర సర్ది తువ్వాళ్ళు మడిచి ఇచ్చాను. లోపల మామ మగ్గం ఎక్కాడు. చప్పుడు మొదలైంది. జనం ఇటు తిరిగారు.